మీటింగ్‌లో ఉన్నా

అమ్మ ఫోన్ చేసేసరికి నేను వికారాబాద్‌లో నా గదిలో కూర్చొని తొమ్మిదో తరగతి వాళ్ల ఇంగ్లీషు నోటుబుక్కులు దిద్దుతున్నాను.

"ఆదివారం మీటింగ్ ఉన్నది బిడ్డా. నాయినను పిలిసిండ్రు," అంది. తర్వాత గొంతు తగ్గించి, "గా జీవాల ముచ్చటే," అని చేర్చింది. మా వైపు గొర్రెలను జీవాలంటాం.

"నేను గూడ వస్త."

"నువ్వెందుకే? గాడికి ఆడోళ్లను పిలుస్తరా?"

"పిలువకున్న వస్త," అని ఫోన్ పెట్టేశాను.

నాకు కోపం ఎక్కువని బడిలో పిల్లలూ అంటారు, ఇంట్లో అమ్మా అంటుంది. ఆ రోజు వచ్చింది మాత్రం కోపం కాదు, భయం. పోయిన ఏడు మా నాయిన రోగమున్న గొర్రెను ఎవరికీ చెప్పకుండా ఉమ్మడి మందలో కలిపాడని, దానివల్ల మా మామ గొర్రెపిల్లలన్నీ చచ్చిపోయాయని ఊళ్లో అందరూ అనుకుంటున్నారు. నాయిన ఏదీ దాచలేదు. ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే, నాయినా నేనూ. తప్పు నాది. రుజువు నా ఫోన్‌లోనే ఉంది, ఏడాదిగా తుడిచేయడానికీ ధైర్యం చాలలేదు, ఎవరికైనా చూపించడానికీ ధైర్యం చాలలేదు.

మాది తాండూరు నుంచి యాలాల్ పోయే దారిలో ఒక పల్లె. గొర్రెలు కాచే ఇళ్లు పదిహేను దాకా ఉంటాయి. వానాకాలం ఎవరి జీవాలను వాళ్లు ఊరి చుట్టూ మేపుకుంటారు. కంది కోతలు అయిపోయి చేలు బీడు పడ్డాక ఇక్కడ గడ్డిపోచ దొరకదు. అప్పుడు అన్ని ఇళ్ల జీవాలనూ ఒక్క మందగా కలిపి కర్ణాటక వైపు, నీళ్లున్న పొలాలకు తోలుకుపోతారు. తొలకరి పడేదాకా అక్కడే ఉంటారు. ఒక్కడు పోవడం కుదరదు. కాపలాకు మనుషులు కావాలి, వంట చేసేవాళ్లు కావాలి, అక్కడి రైతుతో కన్నడంలో మాట్లాడి, ఎరువు కోసం రాత్రుళ్లు చేలో మంద పెట్టించేవాడు ఒకడు కావాలి. ఉమ్మడి మందలో చోటు లేనివాడు ఎండాకాలం రాకముందే జీవాలను సంతకు తోలుకోవాల్సిందే. ఆదివారం తేలబోయేది అదే. మా నాయినకు మందలో చోటుందా, లేదా.

చోటివ్వొద్దని పట్టుపట్టినవాడు బయటివాడైతే ఇంత బాధ ఉండేది కాదు. ఆయన మా అమ్మ చిన్నాయన కొడుకు, నాకు మామ. పక్కిల్లే. రెండిళ్లకూ నడుమ నిలువుగా పాతిన నాపరాళ్ల గోడ ఒక్కటే ఉంది. నా చిన్నప్పుడు ఆ గోడ మీదుగా కూర గిన్నెలు అటూ ఇటూ పోయేవి. ఏడాదిగా ఒక్క గిన్నె కూడా పోలేదు.

జరిగింది ఇది. పోయిన ఏడు, మంద కలిపే ముందు రోజు మధ్యాహ్నం, నాయిన వాట్సాప్‌లో నాకొక ఫోటో పంపాడు. ఒక గొర్రె మూతి. పెదవుల చుట్టూ పుండ్లు, ముక్కు కింద చీమిడి. దాని వెనకే ఒక వాయిస్ మెసేజ్. వికారాబాద్‌లో ఒక పశువుల డాక్టర్ కూతురు మా బడిలో చదువుతుంది, ఆయన నంబర్ నా దగ్గర ఉంది, ఆ సంగతి నాయినకు తెలుసు. అందుకే నాకు పంపాడు.

ఆ టైముకు నేను హెడ్‌మాస్టర్ గదిలో ఉన్నాను. పదో తరగతి పరీక్షలకు ముందు వెనకబడ్డ పిల్లల్ని ఏం చేయాలన్న చర్చ. ఫోన్ బల్ల కింద పెట్టుకొని ఫోటో చూశాను. గొర్రె ఫోటో ఎందుకు పంపాడో అనుకున్నాను. వాయిస్ వినడానికి వీల్లేదు. "మీటింగ్‌లో ఉన్నా. తర్వాత చేస్తా," అని టైపు చేసి ఫోన్ బోర్లా పెట్టేశాను. ఆ మీటింగ్‌లో నేను చేసిన పనేమిటంటే రెండు సమోసాలు తినడం, ఒకసారి తలూపడం.

తర్వాత చేయలేదు. మీటింగ్ అయిపోయాక కూరగాయలు కొన్నాను, తెగిన చెప్పులు కుట్టించుకున్నాను, వండుకొని తిని పడుకున్నాను. మూడో రోజు నాయినే ఫోన్ చేశాడు.

"డాక్టర్ ఏమన్నడు బిడ్డా?"

"ఏ డాక్టర్ నాయినా?" అని, ఆ మాట నోట్లో ఉండగానే గుర్తొచ్చింది. "అయ్యో, మర్సిపోయిన. ఇప్పుడే పంపుత."

"నువ్వు మల్ల చెయ్యలేదు గద, ఏం లేనట్టే గావచ్చనుకున్న. జీవాలను కలిపిన," అన్నాడు. తర్వాత, "సరె, ఉండనియ్," అన్నాడు.

ఆ తర్వాత ఏడాదిలో ఆ విషయం మీద నాతో ఆయన మాట్లాడిన మాటలు అంతే. డాక్టర్‌కు ఫోటో పంపితే పది నిమిషాల్లో జవాబు వచ్చింది: వెంటనే విడిగా కట్టెయ్యమని, ఇది ఒకదాని నుంచి ఒకదానికి పాకుతుందని. అప్పటికే మంద రెండు ఊళ్లు దాటింది. పెద్ద జీవాలు చాలావరకు తట్టుకున్నాయి. మామ గొర్రెలు ఆ ఏడు ఆలస్యంగా ఈనాయి, పిల్లలు మరీ చిన్నవి. అవి తట్టుకోలేదు. రోగం మా గొర్రెతోనే మొదలైందని దారిలోనే తేలిపోయింది. ముందే చూశావా అని అడిగితే నాయిన చూశాననే చెప్పాడట. మరి డాక్టర్‌కు ఎందుకు చూపించలేదంటే తల వంచుకున్నాడట.

ఆదివారం దాకా ఆరు రోజులు. ఆ ఆరు రోజులూ ఆ ఒక్క మాట నా చెవిలో మోగుతూనే ఉంది. మీటింగ్. బడిలో గంటకొకరు అంటారు. మా ఊళ్లోనూ రోజూ వినేదే. మహిళా సంఘం మీటింగ్ అంటే ఆడవాళ్లు చాప వేసుకొని పుస్తకాల్లో సంతకాలు పెట్టడం. లీడర్ల మీటింగ్ అంటే ఊరికి లారీ వస్తుంది, బిర్యానీ పొట్లం ఇస్తారు. బడి మీటింగ్ అంటే పిల్లవాడి మీద చాడీలు వినడానికి పోవడం. కులపోళ్లది మాత్రం ముందు ఏ మాటా లేకుండా ఉత్త మీటింగే. మా తాతల కాలంలో దాన్ని కూడుడు అనేవాళ్లట, జమ అయిండ్రు అనేవాళ్లట. అవతలి కన్నడ కాపరులు కూట అంటారు. ఇప్పుడు అన్నీ పోయి ఇంగ్లీషు మాటే మిగిలింది. పోలీసు స్టేషన్‌కు కూడా భయపడని మా అమ్మ దానికి భయపడుతుంది.

గురువారం లంచ్ బెల్లులో స్టాఫ్‌రూం బీరువా తెరిచి అట్ట ఊడిపోయిన పెద్ద డిక్షనరీ బయటికి తీశాను. ఇంగ్లీషు టీచర్‌ను, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే, దాని మూలంలో ఉన్న క్రియకు మొదట నలుగురు కూడడమన్న అర్థమే లేదు. ఎదురుపడడం, తారసపడడం, వెతుకుతుంటే కనబడడం. ఇద్దరు మనుషులు ఒకరి మొహం ఒకరు చూసే దూరానికి రావడమన్న మాట. దానికి దగ్గరి చుట్టం ఇంకో పాత మాట ఉంది, మూట్ అని. ఆ దేశపు పల్లెల్లో పెద్దలు ఒకచోట కూడి తగువులు తీర్చే కొలువును అలా పిలిచేవాళ్లట. ఎవరి తప్పెంతో తేల్చే చోటు. తర్వాతి కాలంలో సర్కారు చర్చికి పోకుండా విడిగా ప్రార్థన చేసుకున్నవాళ్లు తాము కూడడాన్ని మీటింగ్ అన్నారట. ఆఫీసులూ ఎజెండాలూ సమోసాలూ చాలా వెనక వచ్చి చేరినవి.

పక్కన లెక్కల టీచర్ టిఫిన్ డబ్బా మూత తీస్తూ, "ఏంటి మేడం, పరీక్ష రాస్తున్నరా?" అని నవ్వింది. నవ్వలేకపోయాను. ఆ మాట పుట్టిందే ఎదుటి మనిషి మొహం చూడడానికి. నేను దాన్ని మొహం తప్పించడానికి వాడుకున్నాను, అదీ మా నాయిన దగ్గర. డిక్షనరీ మూసి బీరువాలో పెట్టి ఎనిమిదో తరగతికి పాఠం చెప్పడానికి వెళ్లాను.

ఆదివారం పొద్దున వికారాబాద్‌లో రైలెక్కి తాండూరులో దిగాను. స్టేషన్ నుంచి ఆటోలో ఊరికి పోతుంటే, రోడ్డు పక్క రాళ్ల పాలిషింగ్ మిషన్లు ఆదివారమని మూసి ఉన్నాయి. చెప్పాల్సిన మాటలు దారంతా లోపలే వల్లించుకున్నాను. ఏడాదిగా వల్లిస్తూనే ఉన్నాను, కాబట్టి కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు.

నాయిన గడ్డం గీసుకొని, ఉతికిన పంచె కట్టుకొని అరుగు మీద కూర్చున్నాడు. కట్టె పక్కన ఉంది. చేతి పట్టు దగ్గర నున్నగా అరిగిన తుమ్మ కట్టె.

"నేను చెప్త నాయినా. అందరి ముందల చెప్త," అన్నాను.

"నువ్వు నోరు తెర్వకు."

"తెరుస్త."

"గాడికి రావద్దంటలే, రా. అమ్మ పక్కకు నిలవడు. నోరు తెరిస్తె మాత్రం నా మీద ఒట్టు." అలా అని లేచి, నా జవాబు వినకుండా నడిచిపోయాడు.

మీటింగ్ బీరప్ప గుడి ముందు. నాపరాళ్లు పరిచిన జాగా, నడుమ ఒక నల్ల గొంగడి పరిచారు. మా దగ్గర ఒక పద్ధతుంది. మంద పోయే ముందు కూడినప్పుడు, వచ్చినవాడు వచ్చినట్టు తన కట్టెను గొంగడి మీద పెట్టి చుట్టూ కూర్చుంటాడు. ఇంటికొక కట్టె. ముచ్చట తెగాక పెద్దమనిషి ఒక్కో కట్టె తీసి ఆ ఇంటివాళ్ల చేతికి ఇస్తాడు. ఇస్తే ఆ ఇల్లు మందలో ఉన్నట్టు. గొంగడి మీద మిగిలిపోతే లేనట్టు. పెద్దమనిషి ఇవ్వకముందే తన కట్టె తానే ఎత్తుకుంటే, మీ పొత్తు నాకు వద్దని చెప్పినట్టు. ఆ ఏడాదికి ఇక ఆ ఇంటి మాట ఎత్తరు. మా ఇళ్లల్లో పుట్టిన పిల్లలందరికీ నడక వచ్చేసరికి ఇది తెలుస్తుంది. నాకూ తెలుసు. తెలిసి ఉండీ ఆ రోజు ఆ కట్టె దగ్గర అలా చేశానని నన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు.

ఆడవాళ్లం గుడి గోడ పక్కన నిలబడ్డాం. అమ్మ నా చెయ్యి వదలలేదు. పెద్దమనిషిని ఊరంతా తాత అంటుంది. ఆయన తలపాగా సర్దుకొని, "ఫోన్లు బంద్ వెట్టుండ్రి. పోయినసారి లెక్క పాటలు మోగితె ఊకోను," అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. మామ నవ్వలేదు. నాయినకు సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు, కళ్లు గొంగడి మీదే ఉన్నాయి.

"ఇగో, ఒక్కటే అడుగుత," తాత నాయిన వైపు తిరిగాడు. "జీవాలను కలిపిన నాడు రోగమున్నట్టు నీకు ఎర్కనా, ఎర్క లేదా?"

"మూతి పుండ్లు చూసిన. రోగమని ఎర్క లేదు."

"డాక్టర్‌కు చూపిచ్చినవా?"

నాయిన గొంగడి మీది తన కట్టె వైపు చూశాడు.

"ఎందుకు చూపిస్తడు తాతా?" మామ అందుకున్నాడు. "చూపిస్తె కలపద్దంటరు. గది ఎర్కుండే దాసిండు. చిన్నప్పటి సంది గొర్లు కాస్తున్న మనిషి, మూతి పుండ్లు చూసి ఊకుంటడా?"

"దాయలె," అన్నాడు నాయిన.

"మరి ఏం జేసినవు బావా? చెప్పు. ఏడాది సంది అడుగుతున్న, నోరు తెర్వవు."

"తప్పయింది."

"తప్పయింది అంటె," తాత ముందుకు వంగాడు, "ఎర్కుండి కలిపినట్టేనా? గొంగడి మీద చెయ్యి వెట్టి చెప్పు. ఎర్కుండి కలిపినవా?"

నాయిన గొంగడి మీద చెయ్యి పెట్టాడు. ఆయన ఔనంటాడని నాకు అర్థమైంది. ఔనంటే కట్టె మిగిలిపోతుంది, ఆయన దొంగగా మిగిలిపోతాడు. అమ్మ చెయ్యి విదిలించుకొని ఎప్పుడు మగవాళ్ల నడుమకు వచ్చానో నాకు తెలియదు.

"ఉండుండ్రి తాతా! నేను చెప్త."

"బిడ్డా!" అన్నాడు నాయిన.

"గీ పిల్లెందుకు వచ్చింది?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. తాత చెయ్యెత్తి ఆపాడు. "ఇంటి మనిషే గద. చెప్పనీ."

వల్లించుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. ఫోన్ తీసి, ఏడాది వెనక్కి జరిపి, ఆ వాయిస్ మెసేజ్ నొక్కాను. నాయిన గొంతు గుడి ముందు గట్టిగా వినిపించింది. "బిడ్డా, గీ గొర్రె మూతి జర డాక్టర్‌కు చూపియ్యి. రేపు మామోళ్ల జీవాలల్ల కలుపుతున్నం. రోగమంటె కలప, ఇంటికాడ ఇడిసిపెడ్త. జర తొందరగ అడుగు బిడ్డా."

దాని కింద నేను రాసింది చదివాను. "మీటింగ్‌లో ఉన్నా. తర్వాత చేస్తా."

"మల్ల చేసినవా?" అన్నాడు తాత.

"లేదు."

"ఏమైంది?"

"ఏం కాలే తాతా. మర్సిపోయిన." అంతకన్నా మంచి కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఆ క్షణంలో ఎంత కోరుకున్నానో చెప్పలేను. జ్వరమో, యాక్సిడెంటో. ఏమీ లేదు. "నాయిన తప్పు లేదు. నేను చెప్పకపోతే ఏం లేదేమో అనుకున్నడు. తప్పంత నాదే."

తాత నిట్టూర్చాడు. గొంగడి వైపు చెయ్యి చాచి నాయిన కట్టె మీద వేళ్లు వేశాడు. అంతలో మామ లేచాడు.

"మర్సిపోయిందట," అన్నాడు. మొదట మెల్లగానే అన్నాడు. "ఒక్కొక్క పిల్లను సంకల వెట్టుకొని నడిసిన కోడలా. నోట్లె నీళ్లు పోస్తె మింగలె. నా గొంగట్లనే సచ్చినయి. నువ్వు మర్సిపోయినవా?" ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. నేను తలెత్తలేకపోయాను. ఆయన నాయిన వైపు తిరిగాడు. "నువ్వెందుకు చెప్పలె బావా? పక్కింట్ల ఉండుకుంట! పిల్ల మర్సిపోయిందని ఒక్క మాట అంటె నేను సచ్చిపోతుంటినా? ఏడాది నిన్ను దొంగ అనుకుంట తిరిగిన. నాతోని గంత పాపం మాటలెందుకు అనిపిచ్చినవు?" అని కాలు విసిరాడు. కాలు నాయిన కట్టెకు తగిలి, అది తాత వేళ్ల కింది నుంచి దొర్లి నా ముందు రాళ్ల మీద పడింది.

ఇక్కడ నేను చేసిన పని రాయాలంటే చెయ్యి ఆడడం లేదు. కాలు తగిలిన వస్తువును ఎత్తి కళ్లకద్దుకోవడం నాకు ఎవరూ నేర్పలేదు, అది ఒంట్లోనే ఉంది. పుస్తకానికి కాలు తగిలినా అంతే, చాటకు తగిలినా అంతే. అది మా నాయిన కట్టె. ఆయన ఎండలో, వానలో ఆనుకొని నిలబడ్డ కట్టె. దానికి కాలు తగిలింది. వంగి, రెండు చేతులతో ఎత్తి, కళ్లకద్దుకున్నాను.

తల పైకెత్తేసరికి అందరూ నన్నే చూస్తున్నారు. గోడ దగ్గర అమ్మ "అయ్యో" అంది. అప్పుడు చేతుల్లోకి చూసుకున్నాను.

"నేను ఇద్దామనే చెయ్యి పెట్టిన గదనే," అన్నాడు తాత. కోపంగా అనలేదు.

"తాతా, కాలు తాకిందని..." అన్నాను. కట్టెను మళ్లీ గొంగడి మీద పెట్టబోయాను. తాత అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"మల్ల పెట్టరాదు."

"ఆడివిల్ల ఎత్తితె ఎత్తినట్టా?" అని ఒకాయన అడిగాడు. మా మీద జాలితోనే అడిగాడు.

తాత నా చేతిలోని కట్టె వైపు చూశాడు. "ఇంటి మనిషని నేనే అన్న. ఇంటి మనిషని మాట్లాడిచ్చిన. మాటకు ఇంటి మనిషై, కట్టెకు కాకపోతదా? ఈమెకు ఇడిసిపెడితె రేపు ఇంకొకడు నాకు గూడ ఇడిసిపెట్టు అంటడు."

"గట్ల కాదు తాతా," మామ గొంతు పూర్తిగా మారిపోయింది. "నా కాలు తాకింది గద. తప్పు నాది. బావను రమ్మను. నేను ఒప్పుకుంటున్న."

"నువ్వు ఒప్పుకుంటె కాదురా. కట్టె లేసింది."

నాయిన లేచాడు. పంచె దులుపుకున్నాడు. నా దగ్గరికి వచ్చి, కట్టె తీసుకోకుండా, నా భుజం మీద చెయ్యి వేశాడు. "పా బిడ్డా," అన్నాడు. వెనక తాత మిగిలిన కట్టెలు ఒక్కొక్కటే తీసి పంచుతున్న చప్పుడు వినబడింది. ముందు నాయిన, వెనక కట్టె పట్టుకొని నేను, ఇంకా వెనక ఏడుస్తూ అమ్మ. ఊరు ఊరంతా గుమ్మాల్లో నిలబడి చూసింది.

ఇంటి మలుపులో అడిగాను. "ఏడాది సంది ఎందుకు చెప్పలె నాయినా? నిన్ను దొంగ అంటుంటె ఎట్ల ఊకున్నవు?"

ఆయన నడుస్తూనే చెప్పాడు. "నన్నంటె ఏమైతది. జీవాల సంగతి వానలు పడేదాక యాదుంచుకుంటరు. ఆడివిల్ల తప్పు సచ్చేదాక యాదుంచుకుంటరు. నువ్వు ఊరికొచ్చినప్పుడల్లా, గీమెనే గద అంటరు. అందుకే చెప్పలె."

"నేను చెప్పుడు తప్పా మరి?"

ఆయన మలుపు తిరిగి దొడ్డి వైపు నడిచాడు. అది తప్పో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. నిజం చెప్పినందుకు నేను ఒక్క పూట కూడా బాధపడలేదు. వంగినందుకు పడని పూట లేదు. మామ ఆ సాయంత్రం గోడ అవతల నిలబడి "బావా" అని రెండుసార్లు పిలిచాడు. నాయిన పోయి గోడకు ఇవతల నిలబడ్డాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. అమ్మ చెప్పింది, ఏమీ మాట్లాడుకోలేదట, నిలబడ్డారట. తర్వాత మామ ఏడిస్తే, ఊకో అని నాయిన అన్నాడట.

బడికి రెండు రోజులు సెలవు చెప్పి ఉండిపోయాను. మంగళవారం పొద్దున మంద కదిలింది. మా జీవాలు దొడ్లో ఉన్నాయి. శనివారం తాండూరు సంతకు పోవాలి, అమ్మ మేత కోసి సాకగలిగిన పది తప్ప అన్నీ. మందకు దారి మా దొడ్డి ముందు నుంచే. దూరం నుంచి గంటల చప్పుడు వినగానే మా జీవాలు తలలెత్తాయి. ఏటా ఇదే పొద్దున, ఇదే చప్పుడుకు అవి బయటికి పోయి కలిసేవి. తెలిసిన గొర్రెలు బయట అరుస్తుంటే లోపలివి జవాబిచ్చాయి. ఒక్కసారిగా అన్నీ లేచి తడక మీదికి వచ్చిపడ్డాయి. ఆ కంప తడక ఒంగిపోయింది, కట్టిన తాడు తెగేట్టుంది. నాయిన పరుగెత్తి రెండు చేతులూ తడకకు ఆనించి నిలబడ్డాడు. నేనూ పోయి పక్కన ఆనించాను. ముళ్లు గుచ్చుకున్నాయి.

బయట మంద పోతూనే ఉంది. దుమ్ములో మామ కనబడ్డాడు, తల తిప్పకుండా నడుస్తున్నాడు. లోపల ఒక ముసలి గొర్రె ముందు కాళ్లు తడక మీద వేసి అరుస్తోంది. దాని ఊపిరి నా చేతుల మీద వెచ్చగా తగులుతోంది. నాకు ఏడుపు ఆగలేదు.

"తప్పు నాదే నాయినా," అన్నాను. "నన్ను ఒక్కసారన్న తిట్టు."

ఆయన నా వైపు చూడలేదు. ఆయన కళ్లు తడక తాడు మీదే ఉన్నాయి.

"గట్టిగ వట్టు బిడ్డా," అన్నాడు. "ఇంక సగం మంద పోవాలె."